హెల్మెట్ అద్దానికి కాదు... తలకి!

మన బండి

షిఫ్టు మారే వేళ కూర్మన్నపాలెం కూడలిలో ఓ పావుగంట నిలబడితే చాలు... ఈ చుట్టుపక్కల బతుకంతా బండ్ల మీదే కనిపిస్తుంది. స్టీలుప్లాంటు గేటు నుంచి బయటికొచ్చేవారు, దువ్వాడ ఎస్‌ఈజడ్ వైపు మళ్లేవారు, పరవాడ ఫార్మా కంపెనీలకు పరుగులు తీసేవారు, పిల్లల్ని కాలేజీ దగ్గర దించి డ్యూటీకి వెళ్లేవారు. అందరిదీ రెండు చక్రాల బండే.

ఆ గుంపులో ఒక విచిత్రం కూడా చూడొచ్చు. కర్మాగారం లోపల సేఫ్టీ హెల్మెట్ లేకుండా అడుగు తీసి అడుగు వేయని మనిషే, గేటు దాటాక బండి హెల్మెట్‌ని అద్దానికో, పెట్రోల్ ట్యాంకుకో తగిలించుకుని వెళ్లిపోతుంటాడు. క్రేను కింద ఉండే భయం ట్రైలరు పక్కన ఉండదు! ‘ఇల్లు ఇక్కడే కదా, రెండు కిలోమీటర్లేగా’ అన్నది సమాధానం. రెండు కిలోమీటర్ల దూరంలో ఇల్లున్న సంగతి వెనకొచ్చే లారీకి తెలియదు మరి.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. అంటే నూటికి 44 మందికి పైనే. ఆ ఏడాది హెల్మెట్ లేకుండా ప్రాణాలు పోగొట్టుకున్నవారు 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడుపుతున్నవారు కాదు... వెనక కూర్చున్నవారు. భార్యలు, పిల్లలు, స్నేహితులు.

హెల్మెట్ ఉంటే వీళ్లందరూ బతికేవారని ఎవరూ చెప్పలేరు. కానీ వివిధ దేశాల్లో జరిగిన 61 అధ్యయనాలను కాక్రేన్ సంస్థ 2008లో ఒకచోట చేర్చి చూస్తే, ప్రమాదం జరిగినప్పుడు హెల్మెట్ వల్ల మరణించే ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతున్నట్టు తేలింది. ఇంతకన్నా చవకైన బీమా ఇంకేముంది?

అయితే హెల్మెట్ ఒక్కటే సరిపోదు. బండి మాట వినాలి, నడిపే చేతికి పద్ధతి తెలియాలి. ఈ వారం ఆ మూడింటి సంగతీ చూద్దాం.

ఉప్పుగాలి... ఉక్కు బండి

విశాఖ ఉక్కు దేశంలో సముద్ర తీరాన కట్టిన తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం. ఆ సముద్రపు గాలే మన బండ్లకు మొదటి శత్రువు. గాలిలోని ఉప్పు, తేమ కలిసి చైను, స్పోకులు, సైలెన్సర్, బ్రేకు తీగల్ని మెల్లగా తినేస్తాయి. దానికి లారీలు లేపే దుమ్ము తోడవుతుంది. అందుకే లోపలి జిల్లాల్లో బండి వాడేవారికంటే మనం కాస్త ఎక్కువ జాగ్రత్త పడాలి. వారానికోసారి మామూలు నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిస్తే సగం తుప్పు దగ్గరికి రాదు. బీచ్‌కి వెళ్లొచ్చిన రోజు మాత్రం వారం ఆగకండి.

ఆదివారం పది నిమిషాలు

టిఫినుకు ముందు బండిని మెయిన్ స్టాండు వేసి, ఒక పాతగుడ్డ పట్టుకుని కూర్చోండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. రేపు నడపబోయేది వాళ్లే.

టైర్లు: ఎక్కువ బండ్లకు ముందు చక్రంలో 25, వెనక 28 నుంచి 30 పీఎస్‌ఐ వరకూ గాలి ఉండాలి. వెనక మనిషి ఎక్కితే వెనక టైరుకు ఇంకాస్త కావాలి. మీ బండికి సరైన అంకె చైను కవరు మీదో, కంపెనీ ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించుకోవాలి. పది కిలోమీటర్లు నడిపాక చూపిస్తే వేడికి అంకె ఎక్కువ చూపిస్తుంది. టైరు గాడుల మధ్య అక్కడక్కడా చిన్న దిమ్మలు ఉంటాయి. టైరు అంచున టీడబ్ల్యూఐ అని రాసి ఉన్నచోట చూస్తే దొరుకుతాయి. గాడులు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. ‘ఇంకో వానాకాలం లాగిద్దాం’ అనుకోవద్దు. గుండు అయిన టైరు వానలోనే మోసం చేస్తుంది. టైరు మీద నాలుగంకెల ముద్ర ఉంటే తయారైన తేదీ అదే. 2423 అంటే 2023లో 24వ వారం. కొత్త టైరు కొనేటప్పుడు అడిగి చూడండి.

చైను: కింది వరసను మధ్యలో వేలితో పైకి, కిందికి కదిపితే సుమారు రెండు, మూడు సెంటీమీటర్లు ఆడాలి. మరీ వదులైతే స్పాకెట్ మీద నుంచి జారి చక్రాన్ని పట్టేయొచ్చు. మరీ బిగువైతే బేరింగులు పోతాయి. ఐదొందల కిలోమీటర్లకోసారి, గట్టి వానలో తడిసిన ప్రతిసారీ తుడిచి చైను ఆయిల్ వేయాలి. ఇంజిను ఆన్‌లో ఉంచి చక్రం తిరుగుతుండగా గుడ్డతో చైను తుడవడం మాత్రం వద్దు. వేళ్లు పోగొట్టుకునే దారి అది.

బ్రేకులు: డ్రమ్ము బ్రేకు లివరు దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు ఆ బాణం చివరి గీతను చేరిందంటే షూలు మార్చాలి. డిస్క్ బ్రేకు అయితే ప్యాడ్ల మీద గాడి మాయమైందేమో చూడాలి. డబ్బాలో బ్రేకు ఆయిల్ కనీస గీత కంటే కిందికి దిగకూడదు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే బండి ఎంత తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి మార్పించాలి. మన తేమకు అది మరీ అవసరం.

లైట్లు: 2017 ఏప్రిల్ నుంచి అమ్మిన బండ్లకు ముందు లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. వెనక లైటు వెలుగుతోందో లేదో మాత్రం నడిపేవారికి కనిపించదు. రాత్రి షిఫ్టు చేసేవారికి అదే ప్రాణం. గోడ దగ్గర బండి పెట్టి రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కండి. గోడ మీద ఎర్రని వెలుగు పడాలి.

ఇంజిన్ ఆయిల్: డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నదే వాడాలి. ఎక్కువ బండ్లలో క్లచ్ ప్లేట్లు కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే తడుస్తుంటాయి. కారు ఆయిల్ చవకగా వచ్చిందని పోస్తే క్లచ్ జారుతుంది.

ఇవన్నీ గోటితో పోయే పనులు. వదిలేస్తే గొడ్డలి దాకా వస్తాయి.

ముందు బ్రేకు అంటే భయమా?

‘ముందు బ్రేకు కొడితే బొక్కబోర్లా పడతాం’ అన్నది మనలో చాలామందికి మొదటి గురువు నేర్పిన పాఠం. అందుకే ఏళ్ల తరబడి కాలి బ్రేకుతోనే నెట్టుకొస్తుంటారు. నిజానికి బ్రేకు వేయగానే బండి బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది. వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి పట్టు తక్కువ, జారుడు ఎక్కువ. అంటే బండిని ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంది.

పడేసేది ముందు బ్రేకు కాదు... ఒక్కసారిగా పిసకడం, హ్యాండిల్ తిప్పి ఉండగా పిసకడం, ఇసుక మీద పిసకడం. హ్యాండిల్ తిన్నగా ఉంచి, రెండు బ్రేకులూ కలిపి, ముందు బ్రేకును నిమ్మకాయ పిండినట్టు క్రమంగా నొక్కాలి. ఖాళీ మైదానంలో ఓ సాయంత్రం సాధన చేయండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, అంతకు తక్కువ బండ్లకు రెండు చక్రాల బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ తప్పనిసరి చేశారు. పాత బండి ఉన్నవారికి మాత్రం చేతి అలవాటే ఏబీఎస్!

ఇంకో చిన్న లెక్క. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు వెళ్తాం. ప్రమాదం చూసి చెయ్యి కదలడానికి ఒక సెకను పోతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో అన్నీ కలిపి సుమారు 20 మీటర్లలో ఆగుతాం. అదే 60లో అయితే సుమారు 40 మీటర్లు పడుతుంది. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే. ఆగే దూరం మాత్రం రెండింతలు!

ట్రైలరు పక్కన చోటు... చోటు కాదు

అనకాపల్లి నుంచి లంకెలపాలెం, అగనంపూడి, కూర్మన్నపాలెం మీదుగా గాజువాక వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద మనకు తోడుగా నడిచేవి ఇనుప చువ్వలు, వైర్‌రాడ్ చుట్టలు, కంటెయినర్లు మోసే ట్రైలర్లు. వీటితో మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

ఒకటి... ట్రైలరు ఎడమకు తిరిగేటప్పుడు ముందు భాగం దూరంగా వెళ్తుంది కానీ, వెనక చక్రాలు మూలకు దగ్గరగా కోసుకుంటూ వస్తాయి. ఎడమ పక్కన ఖాళీ ఉందని దూరితే, ఆ ఖాళీ క్షణాల్లో మూసుకుపోతుంది. సిగ్నల్ దగ్గర కూడా ట్రైలరుకు ఎడమ పక్కన ఆగొద్దు. వెనకే ఉండండి.

రెండు... డ్రైవరు ముఖం ఆయన అద్దంలో మీకు కనిపించకపోతే, ఆయనకు మీరూ కనిపించడం లేదు. బండికి సరిగ్గా ముందు, తోకను అంటిపెట్టుకుని వెనక, ఎడమ తలుపు కింద... ఈ మూడు చోట్లా మీరు ఆయనకు లేనట్టే.

మూడు... వెనక ఎర్రగుడ్డ కట్టి వేలాడే చువ్వలు. రాత్రిపూట ఆ గుడ్డ కనిపించదు, చువ్వ అంతకన్నా కనిపించదు. లారీకీ మీకూ మధ్య కనీసం మూడు సెకన్ల ఎడం ఉంచండి. లారీ ఒక స్తంభాన్ని దాటగానే ‘నూటొకటి, నూటరెండు, నూటమూడు’ అని లెక్కపెట్టండి. అంతలోపే మీరు ఆ స్తంభం దగ్గరికి చేరితే వేగం తగ్గించండి.

తొలి చినుకులు, రైలు పట్టాలు

వాన ముదిరాక కంటే మొదటి అరగంటలోనే రోడ్డు ఎక్కువ జారుతుంది. నెలల తరబడి పడిన ఆయిలు, దుమ్ము చినుకులతో కలిసి జిడ్డుగా మారతాయి. రోడ్డు కాస్త కడిగినట్టు అయ్యేదాకా టీకొట్టు దగ్గర ఆగితే పోయేదేమీ లేదు.

లెవెల్ క్రాసింగుల దగ్గర పట్టాలను ఏటవాలుగా దాటొద్దు. తడిసిన పట్టా అద్దంలా జారుతుంది, పట్టా పక్క సందులో టైరు ఇరుక్కోవచ్చు. పట్టాకు అడ్డంగా, హ్యాండిల్ తిన్నగా ఉంచి, బ్రేకు వేయకుండా దాటాలి. తగ్గించాల్సిన వేగం ముందే తగ్గించుకోవాలి.

సైలెన్సర్ మునిగేంత నీళ్లలో బండి ఆగిపోతే అక్కడికక్కడే కిక్కు కొట్టకండి. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడమే చవక.

తాళం వేసితిని... గొళ్లెం మరిచితిని!

హెల్మెట్ పెట్టి కింద పట్టీ బిగించకపోవడం ఇలాంటిదే. పడగానే మనిషి ఒకవైపు, హెల్మెట్ ఒకవైపు. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు చాలు. కొనేటప్పుడు పెట్టుకుని తల అటూ ఇటూ విదిలించండి. తలతోపాటే కదలాలి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ తయారీ, అమ్మకం చట్టవిరుద్ధం. రోడ్డు పక్క దొరికే చవక టోపీ ఫైను నుంచి కాపాడుతుందేమో కానీ, తలను కాపాడదు. దెబ్బను పీల్చుకునేది లోపలి థర్మాకోల్ లాంటి పొర. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే అది నలిగిపోతుంది. పైకి బాగానే కనిపించినా ఆ హెల్మెట్ మార్చాల్సిందే.

వెనక సీటూ ఇంటి మనిషిదే

చట్టం ప్రకారం బండి మీద నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. విశాఖలో వెనక కూర్చునేవారికీ 2024 సెప్టెంబరు 1 నుంచి దీన్ని గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానాతోపాటు మూడు నెలలు లైసెన్సు పోవచ్చు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు చిన్న హెల్మెట్, నడిపేవారికి కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ 2023 ఫిబ్రవరి 15 నుంచి నిబంధన ఉంది.

చీర కొంగు, చున్నీ సంగతి ఆడవారికి తెలిసినా తొందరలో మరిచిపోతుంటారు. బండి కదిలేముందు కొంగు నడుముకు దోపుకుని, చున్నీ వెనక ముడి వేసుకోవాలి. వెనక చక్రానికి శారీ గార్డు ఉండాలని చట్టమే చెబుతోంది. అందం చెడుతుందని కుర్రాళ్లు దాన్ని ఊడదీసి మూల పడేస్తుంటారు. అమ్మను ఎక్కించుకునే బండి అయితే ఇవాళే తిరిగి బిగించండి.

ఎవరైనా పడితే...

ముందు వెనక వచ్చే బండ్లను ఆపండి. తర్వాత 108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైన సేవ అది. పడినవారికి ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ గుంజి తీయొద్దు. మెడ ఎముక దెబ్బతిని ఉంటే ఆ గుంజుడుకే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. స్పృహ సరిగా లేనివారికి నీళ్లు తాగించొద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. ‘పోలీసు కేసులో ఇరుక్కుంటామేమో’ అన్న భయం వద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది. ఇష్టం లేకపోతే మీ పేరు కూడా చెప్పనక్కర్లేదు.

ఇంత చదివాక చేయాల్సిన పని ఒక్కటే. పేపరు పక్కన పెట్టి, గుమ్మం దగ్గరున్న బండి టైరును ఒకసారి తడిమి చూడండి. ఇంట్లో ఎన్ని తలలున్నాయో, ఎన్ని హెల్మెట్లున్నాయో లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలూ సమానమైతే ఈ ఆదివారం హాయిగా టిఫిను చేయొచ్చు. కాకపోతే సాయంత్రం గాజువాక బజారుకు ఒక పని పడినట్టే!

(వచ్చే వారం: పాత బండి కొనేటప్పుడు ఏమేం చూడాలి?)