వైద్యుడు ముఖ్యమంత్రి అయిన వేళ

గుత్తి కోట నీడన బ్రతికే మాకు పులివెందుల పరాయి ఊరు కాదు. అదే సీమ, అదే వానకరువు. అందుకే డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారిని తలచినప్పుడు ఆయన పదవుల కన్నా ముందు ఆయన వృత్తి మాకు స్ఫురిస్తుంది.

గుల్బర్గాలో ఎం.బి.బి.ఎస్. చదివి, తిరుపతిలో హౌస్‌సర్జన్‌గా, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యునిగా పనిచేసిన ఆయన 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రిని నెలకొల్పారు. 1978లో శాసనసభకు ఎన్నికయ్యారు. సీమ ముఠాకక్షల నీడ ఆ ఇంటినీ వదలలేదు. 1998లో తండ్రి రాజారెడ్డి గారు హత్యకు గురయ్యారు. 2003 వేసవిలో చేవెళ్ళ నుండి ఇచ్ఛాపురం దాకా పాదయాత్ర చేసి, 2004 మే 14న ముఖ్యమంత్రి పదవి స్వీకరించారు.

ఆ పాలనలో మా ప్రాంతపు కుటుంబాలను నేరుగా తాకినది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న దానిని తొలుత ప్రారంభించిన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. వేరుశనగ పండని ఏడు ఇంటిపెద్దకు గుండెజబ్బు వస్తే ఎద్దులు అమ్ముడుపోయేవి, ఇల్లాలి మెడలోని బంగారం తాకట్టుకు చేరేది. తెల్లకార్డు గల కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే మరో 50,000 వరకు చికిత్స ఖర్చును ప్రభుత్వమే భరించడంతో ఎన్నో ఇళ్ళు అప్పుల నుండి తప్పించుకున్నాయి. ఇది చిన్న మేలు కాదు.

అయితే ప్రశంసతోనే ఆగిపోవడం న్యాయం కాదు. ఆ పథకం పెద్ద శస్త్రచికిత్సలకు వర్తించింది. జ్వరానికి, మధుమేహానికి, రక్తపోటుకు నెలనెలా కొనే మందులకు వర్తించలేదు. పేదవాని జేబును మెల్లగా ఖాళీ చేసేవి ఇవే కదా! ప్రజాధనం పెద్దయెత్తున ప్రైవేటు ఆసుపత్రులకు చేరింది. కొన్నిచోట్ల అవసరం లేకున్నా స్త్రీల గర్భసంచులు తొలగిస్తున్నారన్న ఆరోపణలూ వచ్చాయి. పల్లెలో పలికే వైద్యుని విలువ స్వయంగా ఎరిగిన ముఖ్యమంత్రి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు కూడా అంతే పట్టుదల చూపవలసి ఉండెనని మా అభిప్రాయం.

మన సమాజానికి సంబంధించిన మాట మరొకటి. ముస్లిములకు 5 శాతం రిజర్వేషన్లు కల్పించే ప్రయత్నాలను హైకోర్టు కొట్టివేసినా ఆయన వెనుదిరుగలేదు. పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక ఆధారంగా 2007లో, వెనుకబడిన ముస్లిం వర్గాలకు మాత్రమే 4 శాతం కేటాయిస్తూ బి.సి.-ఇ విభాగాన్ని ఏర్పరచారు. సయ్యదులు, పఠానులు అందులో లేరు. మతాన్ని గాక వెనుకబాటును కొలమానంగా తీసుకున్నందుననే అలా జరిగింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్నీ కొట్టివేసింది. మరుసటి నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో కోటా నిలిచి, మన బిడ్డలకు వైద్య కళాశాలల తలుపులు తెరిచే ఉన్నాయి. అది చూడడానికి ఆయన లేరు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో హెలికాప్టరు కూలి మరణించారు.