రంగుతో లెక్క.. రంగుతోనే చిక్కు!

కొవిడ్‌ రోజుల్లో ఇంటింటికీ చేరిన పల్స్‌ ఆక్సీమీటర్‌ మీకు తెలిసిందే. 2025 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఆ పరికరం పరీక్షలకు కొత్త ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసింది. 2013 నాటి మార్గదర్శకాల్లో కనీసం 10 మందిపై పరీక్ష సరిపోయేది. ఇప్పుడు 150 మందికి తగ్గకూడదంటోంది. అదీ అన్ని చర్మఛాయలవారూ ఉండాలట! ఉద్యోగ వేటలో ఉన్న మీకు దీంతో పనేంటి? చాలానే ఉంది.

ఈ పరికరం పుట్టింది రక్తప్రవాహాన్ని కొలిచే ప్రయత్నంలోంచి. గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతోందో తెలియాలంటే సిరలోకి కొలిచిన రంగుమందు ఎక్కిస్తారు. ధమనిలో దాని గాఢత ఎలా పెరిగి తగ్గిందో గ్రాఫ్‌ గీస్తారు. ఎక్కించిన మోతాదును ఆ గ్రాఫ్‌ కింది వైశాల్యంతో భాగిస్తే ప్రవాహం వచ్చేస్తుంది. ఉదాహరణకు 5 మిల్లీగ్రాముల మందు, లీటరుకు సగటున 2 మిల్లీగ్రాముల చొప్పున అర నిమిషం కనిపించిందనుకోండి. 5ను 1తో భాగిస్తే నిమిషానికి 5 లీటర్లు. దీన్నే స్టీవర్ట్‌-హామిల్టన్‌ సూత్రం అంటారు. ఇందుకు వాడే ఇండోసయనిన్‌ గ్రీన్‌ 805 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటుంది. అక్కడ ఆక్సిజన్‌ ఉన్న రక్తం, లేని రక్తం దాదాపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి లెక్క చెడదు.

రక్తం తీయకుండా, చెవి దగ్గర కాంతితోనే ఈ రంగును కొలవాలని జపాన్‌లోని నిహాన్‌ కోడెన్‌ ఇంజినీర్‌ టకువో అయోయాగి ప్రయత్నించారు. నాడి కొట్టుకున్నప్పుడల్లా సిగ్నల్‌ ఊగిపోయేది. ఆ అడ్డును తొలగించబోతే, ఆక్సిజన్‌ మారినప్పుడు లెక్క తప్పుతోందని గమనించారు. అంటే ఆ ఊగిసలాటతోనే ఆక్సిజన్‌ను కొలవచ్చన్నమాట! 1974లో ఆ ఆలోచనే పల్స్‌ ఆక్సీమెట్రీగా బయటికొచ్చింది.

అయితే చర్మంలోని మెలనిన్‌ కూడా కాంతిని పీల్చుకుంటుంది. 2020 డిసెంబరులో ఓ అమెరికా అధ్యయనం దీని ఫలితాన్ని బయటపెట్టింది. ఆక్సీమీటర్‌ 92-96 శాతం చూపిన రోగుల్లో, ధమని రక్తంలో నిజానికి 88 శాతం లోపే ఉన్నవారు నల్లజాతీయుల్లో 11.7 శాతం, శ్వేతజాతీయుల్లో 3.6 శాతం. మీటర్‌ బాగానే ఉందంటుంది, మనిషికి మాత్రం ఊపిరి చాలదు. ఛాయల్లో ఇంత తేడా ఉన్న మన దేశంలో ఇది పరాయి సమస్య కాదు.

ఉద్యోగాల కోణం ఇక్కడే ఉంది. 2020 ఏప్రిల్‌ నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి. పరికరం తయారుచేస్తే చాలదు, సరిగ్గా కొలుస్తోందని ఆధారాలతో చూపాలి. అందుకే బయోసిగ్నల్‌ ప్రాసెసింగ్‌, కాలిబ్రేషన్‌, క్లినికల్‌ డేటా విశ్లేషణ, రెగ్యులేటరీ వ్యవహారాలు తెలిసినవాళ్లు కావాలి. విశాఖ మెడ్‌టెక్‌ జోన్‌లో తయారీతో పాటు పరీక్షల ల్యాబ్‌లూ ఉన్నాయి. ఉన్నత చదువు ఆలోచన ఉంటే గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌ పేపర్‌ ఉంది.

ఈసీఈ వాళ్లయితే ఎల్‌ఈడీ, ఫొటోడయోడ్‌, మైక్రోకంట్రోలర్‌తో నాడి సిగ్నల్‌ పట్టే ప్రాజెక్టు చేయండి. స్టాటిస్టిక్స్‌, లైఫ్‌ సైన్సెస్‌ స్నేహితుల్నీ కలుపుకోండి. వేర్వేరు ఛాయల స్నేహితుల దగ్గర, వాళ్ల అనుమతితో, రీడింగులు తీసి తేడాలు రాసిపెట్టుకోండి. ‘పనిచేసింది’ అని చెప్పేవాళ్లు ఇంటర్వ్యూల్లో చాలామందే ఉంటారు. ‘ఎవరి దగ్గర, ఎంతవరకు తప్పింది’ అని చెప్పగలిగితే మీ మాటకు బరువుంటుంది.