ఉచిత రోగి వినియోగదారుడు కాడట!

వైద్య నిర్లక్ష్యం మీద వినియోగదారుల కోర్టుకు పోవచ్చని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందరూ మెచ్చుకునే తీర్పే. అందులోనే ఒక గీత కూడా గీసింది: అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రికి ఇది వర్తించదు. మరి మనం కట్టే పన్నులో? పన్ను ఫీజు కాదంది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఊరికే చేసే ఆసుపత్రిలో అయితే ఉచిత రోగులూ వినియోగదారులేనట!

మరి అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రికి పోయేదెవరు? వాడల్లోంచి, తండాల్లోంచి మనమే. కాన్పు బల్ల మీద మన ఆడబిడ్డ పోతే సివిల్ కోర్టుకో హైకోర్టుకో పోవాలి. కోర్టు ఫీజు, వకీలు ఫీజు, పోగొట్టుకునే కూలి దినాలు.

పోయినా ప్రాణానికి లెక్కగట్టేది ఆదాయంతోనే. కోల్‌కతా అనూరాధా సాహా కేసులో, అమెరికాలో ఆమె సంపాదించగలిగేది లెక్కేసి, 2013లో దాదాపు 6 కోట్లు ఇప్పించారు. ఆ కుటుంబం పదిహేనేళ్లు పోరాడి గెలుచుకుంది, దాని మీద నాకు పేచీ లేదు. అదే బెంగాల్లో 1992లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన వ్యవసాయ కూలీల సంఘం సభ్యుణ్ణి ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. 1996లో జీవించే హక్కు కింద అతనికి దక్కింది 25 వేలు. బతికాడు గనక లెక్క వేరంటారు. సరే, చచ్చిపోయుంటే ఏ కూలి రేటుతో గుణించేవాళ్లు?

సంస్కృతంలో ఉచితమంటే ‘తగినది’. మనకు ఇదే తగిందనుకున్నారేమో! 2019లో కొత్త చట్టం రాసినప్పుడూ ఆ మినహాయింపును అలాగే ఉంచారు. దాన్ని కొట్టేయమని మన ఎంపీలను నిలదీద్దాం, రిజర్వుడు స్థానాల వాళ్లను ముందు.