చదివింది లెక్కలు... చెప్పింది ఫిజిక్స్‌!

కలకత్తా విశ్వవిద్యాలయం, 1915. మిశ్రమ గణితం ఎమ్మెస్సీలో సత్యేంద్రనాథ్‌ బోస్‌ ఫస్టు, మేఘనాద్‌ సాహా సెకండు. తీరా వర్సిటీ కొత్త సైన్సు కాలేజీలో వాళ్లకు అప్పగించింది ఫిజిక్స్‌ పాఠాలు! కొత్త సిద్ధాంతాలేమో జర్మన్‌లో ఉన్నాయి. ఇద్దరూ ఆ భాష పట్టుబట్టి చదివారు. ముందు తాము నేర్చుకుని, ఆనక విద్యార్థులకు చెప్పారు. 1920కల్లా సాపేక్ష సిద్ధాంత పత్రాలను ఇంగ్లిష్‌లోకీ తెచ్చారు.

తర్వాత ఢాకాలో బోస్‌కు ప్లాంక్‌ సూత్రం దగ్గర చిక్కొచ్చింది. పుస్తకాల్లోని రుజువు తనకే సబబుగా తోచకపోతే క్లాసులో ఎలా చెప్పడం? అందుకే సొంతంగా రుజువు చేసి, 1924లో ఐన్‌స్టీన్‌కు పంపారు. ఆయనే దాన్ని జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించారు. ‘బోసాన్‌’ కణాలకు ఆ పేరు ఈ బోస్‌ వల్లే వచ్చింది.

అన్నట్టు, బోస్‌ పీహెచ్‌డీ చేయలేదు. ఆయన రాసి పాసైన ఆఖరి డిగ్రీ ఆ ఎమ్మెస్సీయే!