ఇది బీరు సెల్లారా, బీరు శ్మశానమా?

ముందే ఒక మాట. తాగడం మంచా చెడా అన్న చర్చ నాకొద్దు. తాగనివాళ్ళకి ఓ దణ్ణం, ఇక్కడే ఆపేయొచ్చు. నా గోలంతా తాగేవాళ్ళలో ఒక ప్రత్యేకమైన జాతి గురించి. అమెరికాలో ఇల్లు కొనగానే బేస్‌మెంట్లో "బీరు సెల్లార్" ఒకటి కట్టేసి, అరల నిండా సీసాలు పేర్చి, వచ్చిన ప్రతివాణ్ణీ కిందకి తీసుకెళ్ళి చూపించే మన సాఫ్టువేరు సోదరుల గురించి. ఒకప్పుడు హోం థియేటరు చూపించేవాళ్ళు. అదే నయం, కనీసం ఓ పాటైనా వేసేవాళ్ళు. ఈ సెల్లార్లలో మూత తీసిన పాపాన ఎవడూ పోడు.

అసలు ఈ జబ్బుకి మూలం ఒకే ఒక నమ్మకం: మందు ఎంత పాతబడితే అంత గొప్ప. ఇది విస్కీ సీసాల మీద 12, 18 అని అంకెలు చూసి పట్టుకున్నది. ఆ ఏళ్ళు పీపాలో గడిచినవండీ బాబూ. సీసాలో పడ్డాక విస్కీకి వయసు రాదు. బీరు సంగతి ఇంకోటి. అది సీసాలో కూడా మారుతూనే ఉంటుంది, కానీ నూటికి తొంభై రకాలు మారేది చెడువైపే.

పాత బియ్యం విలువ, పాత చింతపండు విలువ మనకెవరూ చెప్పక్కర్లేదు. అలాగని కొత్తిమీర కట్ట తెచ్చి మూడేళ్ళు దాస్తామా? ఐపీఏ అనేది కొత్తిమీర. దాని ప్రాణమంతా హాప్స్ వాసనలో ఉంది, ఆ వాసన ముందు పోతుంది. చేసేవాళ్ళు నెత్తీ నోరూ బాదుకుని చెబుతూనే ఉన్నారు. రష్యన్ రివర్ వాళ్ళ ప్లైనీ ది ఎల్డర్ సీసా మీదే దాచకండి, తాజాగా తాగండి అని రాసి ఉంటుంది. స్టోన్ కంపెనీ అయితే 2012లో ఏకంగా ఎంజాయ్ బై అని ఒక ఐపీఏ తెచ్చి, తాగాల్సిన ఆఖరి తేదీనే దాని పేరులో కలిపేసింది. అయినా సరే, మూడేళ్ళనాటి ఐపీఏలు అరలో వరసగా పెట్టి "కలెక్షన్ బాస్" అనేవాళ్ళని చూశాను. అందులో ఇప్పుడుండేది తడిసిన అట్టపెట్టె వాసన. సీసాలో మిగిలిన కాస్త ఆక్సిజను, మూత సందులోంచి మెల్లగా చేరే ఇంకాస్త ఆక్సిజను కలిసి చేసే పని అది.

మరి దాచదగ్గవి లేవా? ఉన్నాయి, భేషుగ్గా ఉన్నాయి. స్థూలంగా ఎనిమిది తొమ్మిది శాతం పైన ఆల్కహాలు ఉన్న చిక్కటి బీర్లు, లేదా అడవి ఈస్టుతో పులిసిన పుల్ల బీర్లు. సియెర్రా నెవాడా వాళ్ళ బిగ్‌ఫుట్ 1983 నుంచి వస్తోంది, 9.6 శాతం, ఏ ఏడు చేసిందో మూత మీదే ఉంటుంది. తాజాగా తాగితే కాకరకాయ. మూడు నాలుగేళ్ళు ఆగితే ఆ చేదు దిగి, కిందనున్న మాల్టు బయటికొచ్చి ఎండు ఖర్జూరం, కిస్‌మిస్, పాకం బెల్లం రుచులు కనిపిస్తాయి. లండన్ ఫుల్లర్స్ వాళ్ళ వింటేజ్ ఏల్ (1997లో మొదలు) కూడా ఈ కోవలోదే. బ్రస్సెల్స్‌లో కాంటియాన్ వాళ్ళు ఒకటి, రెండు, మూడేళ్ళ లాంబిక్కులు కలిపి గ్యూజ్ చేస్తారు. అది పుట్టడమే ముసలిదిగా పుట్టింది కాబట్టి ఇంకొన్నేళ్ళు హాయిగా బతుకుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టం ఓర్వాల్. ఆరు శాతం చిల్లర మాత్రమే, కానీ సీసాలో బ్రెట్టనోమైసిస్ అనే ఈస్టు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఆర్నెల్లకీ ఏడాదికీ వేరే బీరు తాగినట్టుంటుంది. సీసాలో నింపిన తేదీ లేబులు మీదే వేస్తారు, మనం ఊహించక్కర్లేదు.

అలాగని చిక్కటి నల్ల బీరైతే చాలు దాచెయ్యమనీ కాదు. కాఫీ, వెనీలా, మిరపకాయ వేసిన స్టౌట్లలో ముందుగా పోయేవి ఆ కాఫీ, వెనీలా, మిరపకాయలే. వాటికోసమే కదా అంత డబ్బు పోసింది!

ఇప్పుడు కట్టడం సంగతి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అద్దాల తలుపులు, ప్రతి అరకీ ఎల్ఈడీ దీపాలు, వెనకాల రాతి గోడ. అది బీరు సెల్లారు కాదు, నగల కొట్టు. వెలుతురు తగిలితే హాప్స్ చేదుపదార్థాలు విరిగి, గంధకంతో కలిసి ఒక కంపు పుడుతుంది. అమెరికాలో దాన్ని స్కంక్ వాసన అంటారు, ఆ జంతువుని దార్లో ఎప్పుడైనా దాటినవాళ్ళకి వివరించక్కర్లేదు. "ఎల్ఈడీలో యూవీ ఉండదు కదా" అంటాడు మనవాడు, గూగుల్ చేసినట్టు. యూవీ ఒక్కటే కాదయ్యా, నీలం కాంతి చాలు, తెల్ల ఎల్ఈడీలో ఉన్నది ముఖ్యంగా అదే. గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చ సీసా అంతంతమాత్రం, తెల్ల సీసా అసలు ఆపదు. మన అమ్మమ్మలు ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టేవాళ్ళు? చీకటి గదిలో, గుడ్డ కట్టి, ఓ మూల. హాల్లో ఫోకస్ లైటు కింద పెట్టలేదు కదా.

రెండోది వేడి. బీరు కంపెనీల వాళ్ళ దగ్గర ఓ మోటు లెక్క ఉంది: 32 డిగ్రీల సెల్సియస్‌లో 3 రోజులు, 22లో 30 రోజులు, 3లో 300 రోజులు, ఈ మూడింటిలోనూ బీరు సుమారుగా ఒకేలా పాడవుతుందని. టెక్సాస్ ఎండాకాలంలో గరాజులో సెల్లారు పెట్టినవాళ్ళు ఈ లెక్క గోడకి అంటించుకోవాలి. కావలసింది 10 నుంచి 13 డిగ్రీలు, అదీ రోజూ ఊగకుండా. చలి రాష్ట్రాల బేస్‌మెంట్లో ఇది దాదాపు ఉచితం. ఫర్నేసుకీ నీళ్ళ హీటరుకీ దూరంగా, నేలకి దగ్గరగా, కిటికీ లేని మూల వెతికి అట్టపెట్టెలో పెట్టి మూసేస్తే అయిపోయింది. మామూలు మూత సీసాలు నిలబెట్టాలి, గాలి తగిలే వైశాల్యం తక్కువ, మడ్డి అడుక్కి చేరుతుంది. పెద్ద కార్కు ఉన్న గ్యూజ్‌ని పడుకోబెట్టినా తప్పులేదు. మొత్తం ఖర్చు: ఒక థర్మామీటరు, ఒక మార్కరు పెన్ను.

హైదరాబాదు వెళ్ళిపోయి అక్కడ కట్టాలనుకునే వాళ్ళకి సెల్లారంటే కార్ పార్కింగే, అది మర్చిపోండి. పాత చిన్న ఫ్రిజ్‌కి బయట ఓ థర్మోస్టాట్ కంట్రోలరు తగిలించి 12 డిగ్రీల దగ్గర పెట్టండి. అంతేగానీ సూట్‌కేసులో బట్టల మధ్య మోసుకెళ్ళిన బెల్జియం సీసాని మే నెలలో షోకేసులో పెట్టకండి, పుణ్యముంటుంది. కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్ దాచేవాళ్ళు కూడా ఉన్నారట, వాళ్ళతో నాకు మాటల్లేవు :)

సరే, అన్నీ సరిగ్గా కట్టాడనుకుందాం. లోపలేముంటాయి? ప్రతి రకానిదీ ఒక్కొక్క సీసా! పోకెమాన్ కార్డుల్లాగా. రోజంతా ఆఫీసులో బేస్‌లైన్, రిగ్రెషన్ అని గొంతు చించుకునే మనిషి, తాజాగా ఎలా ఉండేదో రుచి చూడకుండా అయిదేళ్ళ తర్వాత తెరిచి "మెరుగైంది" అని ఎలా చెప్తాడు? దేంతో పోల్చి? ఒక రకం దాచాలంటే కనీసం నాలుగు కొనాలి. ఒకటి ఆ వారమే తాగి రెండు ముక్కలు రాసుకోవాలి, తర్వాత ఏడాదికొకటి. పడిపోతోంది అనిపించిన రోజున మిగిలింది కూడా తాగేసి చేతులు కడుక్కోవాలి. షీటులో "కొన్న తేదీ" కాలమ్ అందరూ పెడతారు. "తాగాల్సిన తేదీ" కాలమ్ ఎవడూ పెట్టడు. అది లేని సెల్లారు గోడౌనే.

"ఇది పెట్టుబడి" అనేవాళ్ళు ఇంకో రకం. లైసెన్సు లేకుండా బీరు అమ్మడం అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నేరం. హెచ్‌1బీ మీద ఉండి దానితో ఆటలేమిటి? పైగా సరుకు గ్యారంటీ ఏముంది? గూస్ ఐలండ్ వాళ్ళ 2015 బోర్బన్ కౌంటీ బీర్లలో కొన్నిటికి బ్యాక్టీరియా పట్టి పుల్లబడితే, 2016లో కంపెనీయే డబ్బు వాపసు ఇస్తామంది. వింటేజ్ పెరుగుతుందని భద్రంగా దాచిన వాళ్ళ ఇళ్ళల్లో పెరిగింది ఆ బ్యాక్టీరియా.

వీళ్ళందరిలోకీ పెద్ద ఘనుడు "ముహూర్తం" కోసం ఆగేవాడు. నాకు తెలిసిన ఒకన్నయ్య దగ్గర నూట ఎనభై దాకా సీసాలున్నాయి. నెలకి రెండు తెరిచినా ఏడున్నరేళ్ళు, అదీ కొత్తవి కొనడం ఇవాళే ఆపితే. ఆయన నెలకి ఆరు కొంటాడు. అందులో ఒకటి మాత్రం ప్రత్యేకం, గ్రీన్‌కార్డు వచ్చిన రోజు తెరుస్తాడట. ఆయనది ఈబీ-2. 1968లో ఇంగ్లండులో థామస్ హార్డీస్ ఏల్ అని ఒక బీరు తయారుచేశారు, అది పాతికేళ్ళు నిలుస్తుందని చెప్పుకునేవాళ్ళు. అన్నయ్యా, ఆ లెక్కన నీ క్యూకి సరిపోయే బీరు ఇంకా ఎవరూ కాయలేదు. వచ్చే శనివారం నేనొస్తున్నా, ఆ సీసా అరగంట ముందు బయట పెట్టు, మరీ చల్లగా ఉంటే రుచి తెలీదు.