అమ్మాలా, ఉంచాలా?

మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ గ్రూవ్‌బాక్స్‌ని అల్మారాలో పెట్టి వెళ్లాడు. అదేమిటంటారా? డ్రమ్స్, బేస్, కీబోర్డు అన్నీ ఒకే పెట్టెలో. మీటలు నొక్కి చిన్న చిన్న వరుసలు కట్టుకుంటే అవే తిరిగి తిరిగి మోగుతాయి. 1996లో రోలాండ్ కంపెనీ తన ఎంసీ-303ని ఆ పేరుతోనే అమ్మింది. మావాడిది ఎంసీ-101, నాలుగు ట్రాకులది.

మొన్న ఫోన్లో "అమ్మేయమ్మా, ఇప్పుడన్నీ ల్యాప్‌టాప్‌లోనే చేసుకుంటున్నా" అన్నాడు. నాకే మనసొప్పలేదు. కొన్నప్పుడు "ఇంత డబ్బు పోసి బొమ్మ కొంటావా" అని తిట్టింది నేనే! ల్యాప్‌టాప్ తెరిస్తే వంద పనులు పిలుస్తాయి, ఇది ముందుంటే పాట ఒక్కటే కదా అని వాదించాను. "పోనీ, పంపించనా?" అంటే "వద్దమ్మా" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. నాకు కావలసింది రాత్రి పదింటికి ఆ గదిలోంచి వినబడే దబదబ. అది అల్మారాలో లేదు.

మన ఇళ్లలో ఇలాంటివెన్ని! వాడినవాళ్లే వద్దన్న వస్తువుని మన బెంగ కోసం దాచకూడదని నా అభిప్రాయం. పైగా ఏళ్ల తరబడి మూలన పడేస్తే మీటలు మొండికేస్తాయి, లోపల మరిచిపోయిన బ్యాటరీలు కారిపోతాయి. బాగున్నప్పుడే ఇస్తే ఇంకో ఇంట్లో మోగుతుంది.

పక్క వీధిలో ఇంటర్ చదివే అబ్బాయి అడుగుతున్నాడు. సగం ధరకే ఇస్తున్నాను. మావాడి పాటలున్న ఎస్‌డీ కార్డు మాత్రం తీసి, బీరువాలో వాడి చిన్నప్పటి మొలతాడు పక్కన పెట్టాను.