వెనుక బల్లకు వినబడవలెను

మన కళాశాల సభామందిరంలో కంప్యూటరు ద్వారా పాఠాలు వినిపించిన ప్రతిసారీ ఒకే దృశ్యం. ముందు వరుసలవారు చెవులు మూసుకొంటారు. వెనుక బల్లలవారు "వినబడుట లేదండీ" అని కేకలు వేస్తారు. మచిలీపట్నం రోడ్డు మీది లారీల రొద కిటికీలగుండా వచ్చి తోడవుతుంది. విరుగుడుగా ఇంకా పెద్ద బాక్సుల జత కొనవలెనన్న సూచన కమిటీవారి ముందున్నది. ఆ సూచనతో మేము ఏకీభవింపజాలము. అదే ద్రవ్యంతో చిన్న స్పీకర్లు నాలుగైదు చోట్ల అమర్చుట మేలని మా అభిప్రాయం.

లౌడుస్పీకరు లేని కాలంలో పెద్ద మసీదులలో ఈ చిక్కు ఎట్లా తీరినదో గమనింతము. ఇమాము గొంతు చించుకొనలేదు. వరుసల నడుమ నిలిచిన ముకబ్బిరు ఆ తక్బీరును విని, తన గొంతుతో తిరిగి పలికేవాడు. ఇమాము ఊపిరిని ఎవరూ పంచుకొనలేదు; ఎవరి ఊపిరి వారిదే.

కంప్యూటరు విషయమూ ఇంతే. దాని ఆకుపచ్చ రంధ్రం నుండి వెలువడే సంకేతం ఒక వోల్టుకు అటునిటుగా ఉంటుంది. అది పెద్ద స్పీకరును మోయలేదు గాని, ఆంప్లిఫయరుకు మాట అందించగలదు. ఆంప్లిఫయరు ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా పదివేల ఓములు, అంతకు పైమాటే. కనుక అది గ్రహించే విద్యుత్తు అత్యల్పం. ఒకే సంకేతాన్ని చీల్చి మూడు నాలుగు ఆంప్లిఫయర్లకు ఇచ్చినా హాని లేదు. ఆంప్లిఫయరు తనలోనే గల స్పీకర్లయితే మరీ సులభం.

మనవారు చేస్తున్నది ఇందుకు విరుద్ధం. ఒకే ఆంప్లిఫయరుకు బాక్సు వెంట బాక్సు తగిలిస్తారు. 8 ఓముల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే 4 ఓములు, నాలుగు కలిపితే 2 ఓములు. అంత బరువు మోయలేక యంత్రం వేడెక్కి మూగపోతుంది. ఒక సభలో అట్లే జరిగినపుడు నేరమంతా కంప్యూటరుపై మోపిరి. పాపం, అది నిరపరాధి!

దూరపు గదులకు, వరండాలకు 100 వోల్టుల లైను పద్ధతి తగును. వోల్టేజి పెంచుటచే కరెంటు తగ్గి, పొడుగాటి తీగలో నష్టం స్వల్పమవుతుంది. ప్రతి స్పీకరుకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరుండును. 60 వాట్ల ఆంప్లిఫయరుకు 5 వాట్లవి పది తగిలించినా 50 వాట్లే.

ఒక చిక్కు దాచరాదు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 17 మీటర్ల దూరాన కూర్చున్నవానికి ముందు బాక్సు మాట సెకనులో ఇరువదవ వంతు ఆలస్యంగా చేరును. పక్కనున్న స్పీకరు మాట అప్పటికే వినబడి ఉంటుంది. కనుక ముందు బాక్సుల ధ్వని తగ్గించవలెను, లేదా వెనుకవాటికి తగినంత ఆలస్యం కల్పించే పరికరం పెట్టవలెను.

ఇంత పట్టుదల ఎందుకందురా? ఉర్దూలో గొంతు చేరువ నుండి పలికే కాఫ్ ఒకటి, మామూలు కాఫ్ ఒకటి. తెలుగు లిపిలో రెంటినీ ఒకే తీరున వ్రాయక తప్పదు. మొదటిదానితో 'కల్బ్' అన్న హృదయం, రెండవదానితో కుక్క! తెలుగున కల వేరు, కళ వేరు. ఉర్దూ ఇంటి పిల్లలు ళకారాన్ని, తెలుగు ఇంటి పిల్లలు ఆ కాఫ్‌ను నేర్చుకొనుటకే ఈ రికార్డులు వినిపిస్తున్నాము. గోడలకు కొట్టుకొని మారుమ్రోగే పెద్ద శబ్దంలో మొదట నశించేవి ఈ సూక్ష్మభేదాలే. పైగా వెనుక బల్లలు దక్కేది ఎవరికి? ఉయ్యూరు, పెనమలూరు వైపుల నుండి బస్సు దిగి ఆలస్యంగా చేరేవారికి. వారి జీతం రూపాయి ముందు వరుసవారి రూపాయికి తీసిపోదు.

విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించుటకు 2000 నాటి శబ్దకాలుష్య నియమావళి వీలు కల్పించినది. మనమే వీధి అదిరేటట్లు మ్రోగించుట ఏమి శోభ?

కొనుగోలుకు ముందు కమిటీ సభ్యులు ఒక్క పూట చివరి బల్లపై కూర్చుండవలెనని మా ప్రార్థన. ఆ రెండు కాఫ్‌లూ వినిపిస్తాము. ఏది ఏదో వారే చెప్పుదురుగాక.